పేరు రాయలేని మేడమ్‌కు

మేడమ్, మీ పేరు రాయడం లేదు. రాస్తే ఉద్యోగంలో మీకు ఇబ్బందేమో. మా తమ్ముడు రిమాండ్‌లో ఉన్న పదకొండు నెలలూ ఆ జైల్లో కౌన్సెలింగ్ విభాగాన్ని నడిపింది మీరే.

మొదటి ములాఖత్‌లో వాడు జాలీ అవతల నిలబడి "అన్నం తిన్నావా అక్కా" అని తల దించుకున్నాడు. మూడో వారానికి ఆ మాటా లేదు. నటిస్తున్నాడన్నాడు వార్డరు. మీరు మాత్రం వాణ్ణి పిలిపించి, ఏమీ అడక్కుండా, గంటసేపు క్యారమ్స్ ఆడించారట. కేసు గురించి అడగని మొదటి మనిషి మీరేనట.

ఆ తర్వాత వార్డర్లనే కూర్చోబెట్టి చెప్పారట: కొత్తవాడి మొదటి రాత్రులు, బెయిలు పిటిషన్ కొట్టేసిన రోజు, ములాఖత్‌కు ఎవరూ రాని వారం, వీటిమీద కన్నేసి ఉంచమని. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 103వ సెక్షన్ ఖైదీల కోసమేనని మాకు చెప్పిందీ మీరే. మా వకీలుకే తెలియదు!

వాడిప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. గది తలుపు వేస్తే ఇంకా ఉలిక్కిపడతాడు, అందుకే వరండాలో మంచం వేశాం. నిన్న రాత్రి గురక పెట్టాడు మేడమ్. అమ్మ లేచి కూర్చుని తెల్లారేదాకా వింటూనే ఉంది.