నవల నిడివి: శనివారంలోగా మీ పదాల లెక్క పెట్టండి

అందరికీ నమస్కారం.

ఆదివారం సాయంత్రం 6 గంటలకు ఆన్‌లైన్‌లో కలుద్దాం. ప్రచురణకు పంపే నవల ఎంత ఉండాలో మాట్లాడుకుందాం.

శనివారం రాత్రిలోగా ప్రతి ఒక్కరూ మీ రాతప్రతిలో ఎన్ని పదాలున్నాయో ఇక్కడ పెట్టండి. పేజీల సంఖ్య వద్దు, ఫాంట్ సైజు మారిస్తే అదీ మారిపోతుంది.

ఇంగ్లీషులో తొలి నవలకు 80,000 నుంచి 1,00,000 పదాలు మామూలు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు నిబంధనల్లో మాత్రం 40,000 పదాల నుంచే నవల. ఫాంటసీకి కాస్త ఎక్కువున్నా ప్రచురణకర్తలు ఒప్పుకుంటారు. మరీ పెరిగితే అచ్చు ఖర్చు చూసి కొత్తవాళ్ల విషయంలో వెనకాడతారు.

తక్కువైందని టెన్షన్ పడి వర్ణనలు కలపకండి, ప్లీజ్. ఎక్కువైతే ముందు మొదటి అధ్యాయం చూడండి. అసలు కథ మొదలవకముందే చెప్పేసిన పూర్వకథలో చాలా కోయొచ్చు.

నవల పంపేముందు, ఎవరికి పంపుతున్నారో ఆ ప్రచురణకర్త నిబంధనలు తప్పక చదవండి.