ఆవు వెసికిల్స్ లెక్కపెట్టిన మొనగాణ్ణి

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. ఇప్పుడు అల్ట్రాసెంట్రిఫ్యూజ్ (శాంపిల్‌ని మహా వేగంగా గిరగిరా తిప్పే మిషన్) తిరుగుతోంది, 70 నిమిషాలు నాకు వేరే పని లేదు. అందుకే కూర్చున్నాను.

స్టెమ్ సెల్స్ నుంచి వెసికిల్స్, అంటే కణాలు బయటికి వదిలే బుల్లి సంచులు, తీసే పని నీకు అంటగట్టారన్నమాట! ఎంత స్పీడు, ఎంతసేపు అని అడిగావు. అది తేలికే. కణాలు పెరిగిన మీడియం (వాటిని పెంచే ద్రవం) తీసుకుని తిప్పాలి: కణాలు పోవడానికి 300 జి (అంటే భూమ్యాకర్షణకు 300 రెట్లు) దగ్గర 10 నిమిషాలు, చచ్చిన కణాలకు 2,000 జి, ముక్కాచెక్కా పోవడానికి 10,000 జి దగ్గర అరగంట. అంతా 4 డిగ్రీల దగ్గరే. ప్రతిసారీ అడుగుది పారేసి పైది దాచుకోవాలి. చివర్లో 1,00,000 జి దగ్గర మాత్రం తారుమారు, అడుగున ఉన్నదే మనకు కావాలి. అలవాటుకొద్దీ దాన్నీ పారబోసిన మహానుభావుడొకడున్నాడు, ఎవరని అడక్కు. అది కంటికి కూడా సరిగా కనిపించదు. తిప్పే ముందే ట్యూబు బయటివైపు పెన్నుతో గుర్తు పెట్టుకో.

అసలు గొడవ స్పీడుతో కాదురా, సీరంతో. మొదటిసారి పార్టికల్స్ లెక్కపెట్టే మిషన్‌లో నాకు సైజుల గ్రాఫ్ అద్భుతంగా వచ్చింది, 100 నానోమీటర్ల దగ్గర చక్కటి శిఖరం. మూడు వారాలు కాలర్ ఎగరేసుకుని తిరిగాను. ఒకరోజు సీనియర్ "కణాలు లేని ఉత్త మీడియం కూడా తిప్పావా?" అంది. తిప్పలేదు. తిప్పి చూస్తే దాదాపు అన్నే పార్టికల్స్! మీడియంలో కలిపే ఫీటల్ బొవైన్ సీరంలో (ఇంకా పుట్టని దూడ రక్తం నుంచి తీసే ద్రవం) ఆవు వెసికిల్స్ నిండా ఉంటాయి. మనిషి కణాలవనుకుని నేను మూడు వారాలు పశువులవి లెక్కపెట్టాను.

సీరాన్ని రాత్రంతా 1,00,000 జి దగ్గర తిప్పితే చాలావరకు పోతాయి గానీ పూర్తిగా పోవు. నేనిప్పుడు కణాలు ఫ్లాస్కులో 80 శాతం నిండగానే పీబీఎస్‌తో (కణాలకు సరిపడే ఉప్పు ద్రావణం) రెండుసార్లు కడిగి, సీరం లేని మీడియంలో 48 గంటలు ఉంచుతున్నాను. అలాగని మరీ ఆకలితో మాడ్చకు. కణాలు చావడం మొదలైతే వాటి ముక్కలూ నీ లెక్కలోకి దూరతాయి. మీడియం తీసిన రోజే ఎన్ని బతికున్నాయో చూసి రాసుకో.

పార్టికల్ లెక్కనొక్కదాన్నే నమ్మకు, ఆ మిషన్‌కు ప్రోటీన్ ఉండకీ వెసికిల్‌కీ తేడా తెలియదు. వెస్ట్రన్ బ్లాట్‌లో (ప్రోటీన్లను గుర్తించే పరీక్ష) వెసికిల్స్‌కు గుర్తులైన సీడీ9, సీడీ63, సీడీ81 ప్రోటీన్లు కనిపించాలి, కణం లోపలే ఉండే కాల్నెక్సిన్ దాదాపు కనిపించకూడదు. అది గట్టిగా కనిపించిందంటే పగిలిన కణాల సరుకు కలిసిందనుకో. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో గిన్నెల్లా కనిపిస్తాయి. ఆ ఆకారం శాంపిల్ ఆరబెట్టడం వల్ల వచ్చేదే, అసలువి గుండ్రంగానే ఉంటాయట. నేనైతే ఆ గిన్నెల బొమ్మ ప్రింటు తీసి గోడకు కూడా అంటించాను!

ఇంకోటి, రిపోర్టులో ఎక్సోజోమ్స్ అని రాసెయ్యకు. కణం లోపలి ఎండోజోములనే సంచుల్లోంచి వచ్చాయని రుజువు చేస్తే తప్ప ఆ పేరు చెల్లదు. ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అనెయ్, గొడవుండదు.

మిషన్ నెమ్మదిస్తున్న చప్పుడు వస్తోంది, లేవాలి. నీ ఉత్త మీడియం లెక్క ఎంతొచ్చిందో మాత్రం వెంటనే రాయి.

నీ,
ఆవుల లెక్కగాడు