వార్షిక నివేదిక: పెనాంగ్ చైనీయుల దగ్గర మనం చూసింది

సభ్యులందరికీ నమస్కారం.

మలేసియాలోని మన తెలుగు సంఘంలో ఈ ఏడాది సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి. పిల్లల తెలుగు తరగతులు ఒక్క వారం కూడా ఆగలేదు. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. నేను చరిత్ర విభాగం పని గురించే చెబుతాను.

పెనాంగ్ దీవిలోని జార్జిటౌన్‌లో, ఆర్మీనియన్ స్ట్రీట్‌లో 120 నంబరు ఇంటికి పిల్లలతో వెళ్లాం. వీధి వైపు ఇరుకు, లోపలికి బాగా పొడవు, మధ్యలో మన మండువా లోగిలిలా ఆకాశం కనిపిస్తుంది. చైనాలో చింగ్ రాజరికాన్ని కూలదోయడానికి దేశదేశాలు తిరిగిన సన్ యట్-సెన్, 1910లో తన విప్లవ సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయాన్ని సింగపూర్ నుంచి పెనాంగుకు తెచ్చారు. పైకి మాత్రం ఈ ఇల్లు పుస్తకాలు, పత్రికలు చదువుకునే సంఘం. ఆ ఏడాది చివర్లో ఆయన ఇక్కడ చందా అడిగితే అక్కడికక్కడే 8,000 డాలర్లు పోగయ్యాయట. మరుసటి ఏప్రిల్‌లో చైనాలోని కాంటన్‌లో చేసిన తిరుగుబాటు విఫలమై ఎందరో కుర్రాళ్లు చనిపోయారు. అక్టోబరులో వూచాంగ్‌లో మొదలైన తిరుగుబాటు మాత్రం నిలిచింది. నాకైతే 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం గుర్తొచ్చింది. అక్కడా మేలుకోలు మొదలైంది పుస్తకాలతోనే కదా.

తర్వాత పెనాంగులోనే ఉన్న ఆయర్ ఇటామ్ వెళ్లాం. జపాన్‌తో పోరాడుతున్న చైనాకు సరుకు చేరవేయడానికి 1939లో మలయా, సింగపూర్ ప్రాంతాల నుంచి దాదాపు 3,200 మంది డ్రైవర్లు, మెకానిక్‌లు తమంతట తామే, బర్మా నుంచి చైనాకు వెళ్లే బర్మా రోడ్డుకు వెళ్లారు. చాలామంది తిరిగి రాలేదు. ఇక్కడి చైనీయులు వాళ్ల కోసం స్తంభం కట్టించి, ఏటా నవంబరులో దండలు వేస్తారు.

అదే యుద్ధంలో జపాన్ సైన్యం మలయా తోటల్లో పనిచేసే మన కూలీలను సయాం (ఇప్పటి థాయిలాండ్) నుంచి బర్మాకు వేసే రైలు దారి పనికి తీసుకుపోయింది. తమిళులతో పాటు తెలుగువాళ్లూ వెళ్లారు. మా తాతయ్య తమ్ముడు అలా వెళ్లినవారే. ఆయన పేరును మా ఇంట్లో ఇద్దరు చెరో రకంగా చెబుతారు. స్తంభం ముందు నిలబడినప్పుడు అదే గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది.

అందుకే కార్యవర్గం ఒక నిర్ణయం తీసుకుంది. వచ్చే ఏడాది బగాన్ దాతో వైపు తోటల్లో ఉన్న పెద్దల మాటలు రికార్డు చేస్తాం. మీ ఇంట్లోంచి ఎవరైనా ఆ రైలు పనికి వెళ్లి ఉంటే పేరు, తోట పేరు, ఊరు గుర్తున్నంత వరకు రాసి ఇవ్వండి. రాయలేని పెద్దలుంటే కబురు పెట్టండి, మేమే ఇంటికి వస్తాం.

ఇట్లు,
కార్యదర్శి