కార్డు ముక్కైనా రాయవేంరా

ఒరేయ్ శీనుగా,

బతికే ఉన్నావా? నా మెసేజ్‌లన్నీ చూశావని నీలం టిక్కులు చెప్తున్నాయి, జవాబు మాత్రం సున్నా. సర్లే, తిట్టను. ఈ మధ్య నాకో పిచ్చి పట్టుకుందిలే, వందేళ్ళ కిందటి అమెరికా పోస్ట్‌కార్డులు చూడటం. అందులో ఒక రకం కార్డులున్నాయిరా, వాటి పనల్లా ఉత్తరం రాయని ఫ్రెండ్‌ని దెప్పడమే! 'ఎందుకు రాయవు?' అని పెద్దక్షరాలు, పక్కన సిరాబుడ్డీ కలం, లేదా ఏడుపు మొహం పెట్టుకుని కూర్చున్న కుక్కపిల్ల. తోలు మీద కాల్చి గీసినవి కూడా ఉన్నాయి, వాటిని ఆడవాళ్ళు కలిపి కుట్టి దిండు గలీబులు చేసేవాళ్ళట, చూడు వాళ్ళ ఓపిక.

1898లో అక్కడ చట్టం మారి ప్రైవేటు కంపెనీల కార్డులు కూడా ఒక్క సెంటుకే పోవడం మొదలైంది, అంతకుముందు రెండు సెంట్లు. 1907 మార్చి దాకా వెనకవైపు అడ్రస్ తప్ప ఇంకేం రాయకూడదు, చెప్పాల్సింది బొమ్మ పక్కనున్న కాస్త జాగాలోనే ఇరికించాలి, అందుకే అచ్చేసిన జోకు అంత బాగా పనికొచ్చింది అనుకుంటా. 1908లో లెక్కేస్తే ఏడాదిలో 67 కోట్లకి పైగా కార్డులు, అప్పుడు వాళ్ళ జనాభా 9 కోట్లు కూడా లేదు!

అసలు కిటుకేంటంటే, 'ఏరా రాయవు' అని మనం చేత్తో రాస్తే అవతలోడికి చురుక్కుమంటుంది, అదే కుక్కపిల్ల అడిగితే నవ్వేసి కలం తీస్తాడు. మనవాళ్ళకి ఈ నాటకాలేం లేవు, రిప్లై కార్డు పడేసేవాళ్ళు. రెండు కార్డులు అంటుకుని ఉండేవి, ఒకదాంట్లో మన కబురు, రెండోది చింపి జవాబు రాసి డబ్బాలో వేయడమే, దాని ఖర్చు కూడా పంపినోడిదే. ఇంక సాకేం చెప్తావ్?

ఆ అమెరికా కార్డుల్లో నాకు తెగ నచ్చింది మాత్రం బిజీ మనిషి కార్డు. అన్నీ అచ్చేసి ఉంటాయి, టిక్కు పెడితే చాలు. నీకోసం నేనే ఒకటి తయారు చేశా: ఒంట్లో బాగుంది / బాలేదు. జీతం పెరిగింది / ఊసే లేదు. సంక్రాంతికి వస్తున్నా / మళ్ళీ ఎగ్గొడుతున్నా. నీ దగ్గర తీసుకున్న డబ్బులు ఇస్తా / ఏ డబ్బులు?

టిక్కులు పెట్టి ఫొటో పంపు, స్టాంపు ఖర్చు కూడా లేదు. ఆ చివరిదానికి మాత్రం తొందరేం లేదులే, సంక్రాంతిది ముందు చెప్పు, అమ్మ అరిసెలకి బియ్యం నానబెట్టాలంట.

నీ
రాజుగాడు