తీగవాద్యాల పాఠాలు ఒకేచోట

అందరికీ నమస్కారం. మనం క్లాసులో నేర్పే తీగవాద్యాల పాఠాలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెడదామనుకున్నాం కదా, లింక్ పైన పిన్ చేశాను. డి మేజర్ స్కేల్‌తో (‘డి’ నుంచి మొదలయ్యే స్వరాల వరుస) మొదలుపెడదాం. వయొలిన్, వయోలా, చెలో, డబుల్ బేస్ నాలుగింటికీ ‘డి’, ‘ఏ’ తీగలున్నాయి కాబట్టి క్లాసులో అందరూ ఒకేసారి వాయించొచ్చు. వయోలాకి ఆల్టో క్లెఫ్‌లో (వయోలా స్వరాలు రాసే పద్ధతి) విడిగా రాయాలి, మర్చిపోతే వయోలా వాళ్లు ఊరుకోరు! బో (తీగల మీద లాగే కర్ర) పట్టుకునే వీడియోలు మాత్రం బాగా దగ్గర నుంచి తీయండి. బొటనవేలి వంపు, వయొలిన్‌కైతే చిటికెనవేలు గుండ్రంగా కర్ర మీద ఆనడం స్పష్టంగా కనబడాలి. పిల్లల ముఖాలు అసలొద్దు. కాపీరైట్ ఉన్న పుస్తకాల స్కాన్లూ వద్దు, సొంతంగా రాసినవే పెట్టండి. రికార్డింగులన్నిటికీ శ్రుతి ఒకటే: ‘ఏ’ స్వరం 440 హెర్ట్జ్. డబుల్ బేస్ పాఠాలకు ఇంకా ఎవరూ పేరివ్వలేదు, ఎవరు చూసుకుంటారో ఇక్కడే చెప్పండి.