చేసి నేర్చుకునే సామగ్రి నిధి: జమా ఖర్చుల వివరణ

ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు వస్తువులను చేతితో పట్టుకొని, పేర్చి, విడదీసి, కొలిచి నేర్చుకోవడానికి కావలసిన సామగ్రి కోసం ఈ విద్యా సంవత్సరంలో వసూలైన విరాళాల జమా ఖర్చులను దాతలకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు కమిటీ తరఫున నివేదిస్తున్నాం. మొత్తాల పట్టిక, బ్యాంకు పాసుపుస్తకం నకలు, వోచర్లు, రసీదు పుస్తకాలు పాఠశాల కార్యాలయంలో ఉన్నాయి. పట్టికలో అంకెలు కనిపిస్తాయి గాని, ఆ అంకెలు అలాగే ఎందుకున్నాయో కనిపించదు. అందువల్ల ఇక్కడ వచ్చిన మొత్తాన్ని నూరు పాళ్లుగా తీసుకొని, ఏ పద్దు కింద ఎన్ని పాళ్లు ఖర్చయ్యాయో, దానికి కారణమేమిటో చెబుతున్నాం.

జమ విషయం క్లుప్తంగా ముగుస్తుంది. నూరు పాళ్లలో 46 పాళ్లు తల్లిదండ్రులు ఇచ్చినవి, 33 పూర్వ విద్యార్థులు పంపినవి, 12 ఇతర శ్రేయోభిలాషులవి, 5 పాత నోటుపుస్తకాలు, చిత్తు కాగితాలు అమ్మగా వచ్చినవి, మిగిలిన 4 గత ఏడాది నిల్వ. కనీస విరాళం ఇంత ఉండాలని ఎవరికీ చెప్పలేదు. దాతల పేర్లను నోటీసు బోర్డులో పెట్టాం గాని, ఎవరెంత ఇచ్చారో అందులో రాయలేదు. ఎవరి తండ్రి ఎంత ఇచ్చాడన్నది పిల్లల మధ్య మాటగా మారకూడదని మొదటి సమావేశంలోనే తీర్మానించుకున్నాం. తెర మీద పాఠాలు చూపే టీవీ కొనడానికి మాత్రమే వాడాలన్న షరతుతో ఒక విరాళం వచ్చింది. ఈ నిధి ఉద్దేశం అది కాదు కనుక, దాత అనుమతితో ఆ మొత్తాన్ని పాఠశాల సాధారణ ఖాతాకు మళ్లించాం. ఈ లెక్కలో అది జమగానూ లేదు, ఖర్చుగానూ లేదు.

వస్తువుల రూపంలో వచ్చిన విరాళాలకు వెల కట్టలేదు. సీసా మూతలు, గుడ్డ పీలికలు, అట్టపెట్టెలు, పాత క్యాలెండర్లు, దారపు రీళ్లు స్టాకు రిజిస్టరులో సంఖ్యతో సహా నమోదయ్యాయి. అయితే కొన్నింటిని మర్యాదగానే తిప్పి పంపాం: అంచులు కోసుకునే రేకు డబ్బాలు, గాజు సీసాలు, మందుల డబ్బాలు, బొత్తాం ఆకారపు బ్యాటరీలతో వెలిగే బొమ్మలు. ఆ బ్యాటరీని పిల్లవాడు మింగితే అది అన్నవాహికలో చిక్కుకొని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చగలదు. బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా, దాని వెనుక మూత స్క్రూతో బిగించి లేకపోతే తరగతి గదిలోకి రానివ్వకూడదన్నది ఇప్పుడు రిజిస్టరు మొదటి పేజీలో రాసి ఉన్న నియమం.

ఖర్చుకు వస్తే, కమిటీ ముందుగా ఒక్క షరతు పెట్టుకుంది. ఏ వస్తువు కొన్నా, తయారు చేసినా, కనీసం ఇద్దరు పిల్లలకు ఒకటి చొప్పున అందాలి. అంత సంఖ్యలో సమకూర్చలేని దాన్ని ఎంత మంచిదైనా పక్కన పెట్టాలి. గదికి ఒక్కటే ఉన్న వస్తువును ఉపాధ్యాయురాలు పైకెత్తి చూపిస్తారు, పిల్లలు మెడలు సాచి చూస్తారు, అంతటితో సరి. తక్కెడలు, నీటి తొట్లు మాత్రం ఆరుగురికి ఒకటి చొప్పున తీసుకున్నాం, ఎందుకంటే వాటితో చేసే పని ఎలాగూ బృందంగానే చేయాలి. కొందరు దాతలు సూచించిన ఖరీదైన తయారు కిట్లను ఎందుకు కొనలేదన్న ప్రశ్నకు ఈ షరతే సమాధానం.

అన్నిటికంటే పెద్ద పద్దు గణిత సామగ్రి, 27 పాళ్లు. ఇందులో సగానికి పైగా పుల్లల కట్టలకే పోయింది. నునుపు చేసిన చెక్కపుల్లలు, వాటిని పది పదిగా కట్టడానికి రబ్బరు బ్యాండ్లు, కట్టలను, విడి పుల్లలను వేరువేరుగా ఉంచడానికి రెండు గళ్ల పళ్లేలు: వినడానికి ఇంత చిన్న విషయానికి అంత ఖర్చా అనిపించవచ్చు. ఒక జతకు తొంభైతొమ్మిది వరకు లెక్క చేయాలంటే తొమ్మిది కట్టలు, తొమ్మిది విడి పుల్లలు, అంటే 99 పుల్లలు కావాలి. దాన్ని మూడు తరగతుల జతలతో గుణిస్తే ఎన్ని పుల్లలో దాతలే లెక్క వేసుకోవచ్చు. ఈ ఖర్చుకు కారణం పిల్లల నోటుపుస్తకాల్లోనే ఉంది. నూట మూడు రాయమంటే 1003 అని రాసే పిల్లవాడు బద్ధకస్తుడు కాడు, తాను విన్నదాన్ని విన్నట్టే రాస్తున్నాడు: ముందు నూరు, దాని పక్కన మూడు. స్థానం అంటే ఏమిటో పలకలో ఎన్నిసార్లు రాసి చూపినా అర్థం కాని పిల్లలకు, పది పుల్లలు కట్టి ఆ కట్టను ఎడమ గడిలోకి జరపడం, పది కట్టలు కలిపి పెద్ద కట్ట చేయడం, తీసివేతలో పుల్లలు చాలనప్పుడు కట్ట విప్పడం స్వయంగా చేసినప్పుడు తెలుస్తుంది. 'అప్పు తెచ్చుకోవడం' అని మనం నోటితో చెప్పే మాటకు కట్ట విప్పడమే అసలు రూపం. ముందు చేతితో చేయడం, తరువాత బొమ్మగా గీయడం, ఆ తరువాతే అంకెలుగా రాయడం అన్న క్రమాన్ని ఉపాధ్యాయులు పాటిస్తున్నారు. 1960ల్లో జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వవేత్త ప్రతిపాదించిన మూడు మెట్లు ఇవే.

గణితం కింద మిగిలిన మొత్తంతో పొడవు పట్టీలు, ఏడు ముక్కలను కలిపి రకరకాల ఆకారాలు పేర్చే టాంగ్రామ్‌లు, చుక్కల కార్డులు చేయించాం. పట్టీల ఆలోచన బెల్జియం ఉపాధ్యాయుడు జార్జ్ క్విజనేర్ రూపొందించిన రంగు కడ్డీలది. అసలు కడ్డీలు ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల వరకు ఉంటాయి. ఒకటో తరగతి పిల్లల వేళ్లకు సెంటీమీటరు ముక్క చిన్నదవుతుందని, మందపాటి అట్టతో రెండు సెంటీమీటర్లను ఒక యూనిట్‌గా తీసుకొని చేశాం. ఒక సెట్టులో ఒకటి నుంచి పది వరకు పట్టీలు కలిపితే 55 యూనిట్లు, అంటే 110 సెంటీమీటర్ల అట్ట పట్టీ. చెక్కతో చేయిస్తే ఎక్కువ కాలం మన్నేవన్నది నిజమే, కాని అప్పుడు ఇద్దరికి ఒక సెట్టు అన్న షరతు నిలిచేది కాదు.

భాషా సామగ్రికి 19 పాళ్లు. ఇక్కడ కొనుగోలు తక్కువ, తయారీ ఎక్కువ. విడి ప్లాస్టిక్ అక్షరాల సెట్లు బజారులో దొరుకుతాయి గాని, అవి ఒకదాని పక్కన ఒకటి పేర్చే లిపులకు సరిపోయినట్టు తెలుగుకు సరిపోవు. మన గుడి అక్షరం నెత్తిన కూర్చుంటుంది, కొమ్ము కుడి పక్కకు వస్తుంది, ఒత్తు కిందికి దిగుతుంది. పైగా గుడి పెట్టేటప్పుడు తలకట్టు తీసేయాలి, కొమ్ము ఇచ్చేటప్పుడు తలకట్టు ఉండాలి. పిల్లలు గుణింతంలో తడబడేది సరిగ్గా ఇక్కడే. అందువల్ల అక్షరాల ఒళ్లను తలకట్టు లేకుండా అట్ట మీద అచ్చు వేయించి, తలకట్టును, గుణింతపు గుర్తులను, ఒత్తులను పారదర్శకమైన మందపాటి ప్లాస్టిక్ ముక్కల మీద విడిగా ముద్రించాం. పిల్లవాడు 'క' మీది తలకట్టు ముక్కను తీసి, దాని స్థానంలో గుడి ముక్కను పరిస్తే 'కి' వస్తుంది. తీయడం మరిచిపోతే రెండూ ఒకదాని మీద ఒకటి పడి తప్పు వాడికే కనిపిస్తుంది. ఈ పద్ధతికి లొంగని అక్షరాలు కొన్ని ఉన్నాయి, ఉదాహరణకు 'మొ', 'యొ'. వాటికి పూర్తి అక్షరంతో వేరే కార్డులు చేశాం.

ఇవి కాక గరుకు కాగితంతో కత్తిరించి అతికించిన అక్షరాలు కూడా ఈ పద్దులోవే. వేలితో అక్షరం వెంట తడిమి నేర్చుకునే ఈ పద్ధతిని మరియా మాంటిస్సోరి వాడారు. రోమ్‌లో ఆమె తొలి బాలల గృహం 1907లో మొదలైంది. చెక్క గోళాలు, ఘనాలతో చిన్నపిల్లలకు నేర్పడాన్ని జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అంతకు చాలా ముందే, 1837లో ప్రారంభించాడు. ఇదంతా కొత్త వేలంవెర్రి కాదా అని సమావేశంలో అడిగిన పెద్దల కోసం ఈ రెండు సంవత్సరాలను ఇక్కడ రాస్తున్నాం. గరుకు అక్షరాలకు ఎంచుకున్నవి అన్నీ కాదు, పిల్లలు ఒకదానికొకటి పొరబడేవి ముందుగా: ప, వ, మ, య, ఘ, ఝ, థ, ధ. మొదలుపెట్టే చోట చుక్క, తిరిగే దిశకు బాణం గుర్తు వేశాం.

పరిసరాల పరిశీలనకు, కొలతలకు 14 పాళ్లు. ఈ పద్దులో బకెట్లు, నేల తుడిచే గుడ్డలు, ప్లాస్టిక్ ఏప్రాన్లు కనిపించడం చూసి ఇవి బోధన సామగ్రి ఎలా అవుతాయని ఒకరు రాతపూర్వకంగా అడిగారు. నీటితో చేసే పనులకు నేల తడుస్తుంది, తడిసిన నేల మీద పిల్లలు జారతారు, జారతారన్న భయంతో ఉపాధ్యాయులు ఆ పనినే మానేస్తారు. తుడిచే గుడ్డ లేకపోతే నీటి పాఠం లేదు. పొడవైన సన్న గ్లాసులో నుంచి వెడల్పాటి గిన్నెలోకి అవే నీళ్లు పోస్తే 'తగ్గిపోయాయి' అనే పిల్లలు ఒకటో తరగతిలో చాలామందే ఉంటారు; పరిమాణం మారలేదన్న గ్రహింపు ఈ వయసులో క్రమంగా ఏర్పడుతుందని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే చేసిన పరిశీలనలు ప్రసిద్ధం. మాటతో సరిదిద్దడం కంటే, మళ్లీ మళ్లీ ఒంపి చూసుకోనివ్వడమే మేలని ఉపాధ్యాయులు కోరారు, గిన్నెలు, కొలపాత్రలు అందుకే కొన్నాం.

తక్కెడలకు రాళ్లు కొనలేదు. మొదట గోలీలనే తూనికరాళ్లుగా వాడి, ఒక రబ్బరు ఎన్ని గోలీల బరువుందో చూస్తారు. జానలతో, అడుగులతో బల్లను కొలిచి ఇద్దరికి రెండు లెక్కలు వచ్చాక స్కేలు చేతికి ఇచ్చినట్టే, తూకంలో కూడా అందరికీ ఒకే కొలత అవసరమని పిల్లలకు తోచాక గ్రాముల రాళ్లు తేవచ్చు. అయస్కాంతాల విషయంలో గట్టిగా వ్యవహరించాం. గోలీ అంతటి చిన్న బలమైన అయస్కాంతాలు చవకగా వచ్చినా తీసుకోలేదు. అలాంటివి రెండు మింగితే, పేగు మడతలు మధ్యలో ఉండగానే ఒకదాన్నొకటి లాక్కొని పేగుకు చిల్లు పెట్టగలవు. ప్లాస్టిక్ తొడుగులో ఉన్న పెద్ద పట్టీ అయస్కాంతాలనే కొన్నాం. భూతద్దాలు కూడా గాజువి కాక ప్లాస్టిక్‌వే, వాడనప్పుడు గుడ్డ సంచిలో, ఎండ పడని చోట ఉంచాలన్న సూచనతో ఇచ్చాం.

నిల్వ ఏర్పాట్లకు 13 పాళ్లు అయ్యాయి. ఎక్కువ ఆక్షేపణలు వచ్చింది ఈ పద్దు మీదే. తాళం వేసే బీరువా ఒకటి కొని ఉంటే ఇందులో చాలా తక్కువతో సరిపోయేది, నిజమే. కాని బీరువాలోకి వెళ్లిన సామగ్రి తనిఖీ రోజున బయటికి వస్తుంది, మర్నాడు లోపలికి పోతుంది. పిల్లల భుజం ఎత్తుకు మించని తెరచిన అరలు, ప్రతి పెట్టె మీద లోపలి వస్తువు బొమ్మ, నేల మీద పరుచుకునే చాపలు ఉంటేనే పిల్లలు తామే తీసుకొని తామే సర్దుతారు. అరలు ముందుకు ఒరగకుండా గోడకు బిగించాం. రెండు అరల మూలలు వాడిగా ఉన్నందున వాటిని గుండ్రం చేసే వరకు వడ్రంగి బిల్లులో చివరి వాయిదాను ఆపి, పని పూర్తయ్యాక చెల్లించాం. ఇప్పుడు ఎవరికీ బకాయి లేదు.

ఉపాధ్యాయుల అభ్యాస శిబిరాలకు 9 పాళ్లు. సామగ్రి తయారీ, దాన్ని ఏ పాఠంలో ఏ క్రమంలో వాడాలో చేసి చూసుకోవడం, శిక్షకుల ప్రయాణ ఖర్చు, కార్యాచరణ కార్డుల ముద్రణ ఇందులోకి వస్తాయి. కమిటీ సభ్యులెవరూ భత్యం తీసుకోలేదు. బంకమట్టి, రంగులు, జిగురు, కాగితం వంటి అరిగిపోయే వస్తువులకు 7 పాళ్లు, మరమ్మతులకు 3, రసీదు పుస్తకాలు, బ్యాంకు రుసుములు, జిరాక్సులకు 2 పాళ్లు.

ఖర్చు మొత్తం 94 పాళ్లు, నిల్వ 6 పాళ్లు. పెద్ద కొనుగోళ్లన్నిటికీ మూడు కొటేషన్లు తీసుకొని, చెల్లింపులు ఇద్దరి సంతకాలతో బ్యాంకు ద్వారానే జరిపాం. కమిటీలో సభ్యులు కాని ఇద్దరు తల్లిదండ్రులు వోచర్లను, స్టాకును సరిచూసి సంతకం చేశారు. విరిగినవి, పోయినవి రిజిస్టరులో ఎర్ర సిరాతో ఉన్నాయి; వాటిలో ఎక్కువ భాగం గోలీలు, రబ్బరు బ్యాండ్లు. పిల్లలు వాడితేనే పోతాయి కనుక, ఆ నష్టాన్ని ఎవరి నుంచీ వసూలు చేయకూడదని తీర్మానం చేశాం.

నిల్వ ఉన్న 6 పాళ్లను కొత్త వస్తువులకు వాడబోము. సాగి తెగే రబ్బరు బ్యాండ్లు, ఎండిపోయే బంకమట్టి, వేళ్ల కింద అరిగే గరుకు అక్షరాలు వచ్చే ఏడాది తరగతులు తెరిచే నాటికి మళ్లీ సమకూరాలి. ఆ మొత్తం దానికే కేటాయించాం. ఈ లెక్కల మీద సందేహాలు, అభ్యంతరాలు ఉన్నవారు తదుపరి సర్వసభ్య సమావేశానికి ముందుగా కార్యాలయంలో రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. పాఠశాల పనివేళల్లో ఎవరైనా రిజిస్టరు చూడవచ్చు. చూసినవారు చివరి పేజీలో తేదీతో సంతకం చేయవలసిందిగా కోరుతున్నాం.