మేం కుదిర్చిన అమ్మకాలు అఫిలియేట్ లింకుల ఖాతాలోకి పోవడంపై ఫిర్యాదు

విజయవాడ,
నవంబరు 2025

ఛానెల్ సేల్స్ విభాగాధిపతి గారికి,
ప్రతి: పార్ట్‌నర్ అకౌంట్స్ విభాగం

విషయం: అఫిలియేట్ పథకం వల్ల డీలర్లకు రావలసిన కమిషన్, రెన్యువల్స్ దక్కకపోవడం గురించి.

అయ్యా,

విజయవాడ వన్ టౌన్‌లో మీ బిల్లింగ్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న అధీకృత డీలర్‌ని. 2017 జూలై 1న జీఎస్టీ మొదలైనప్పటి నుంచి విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చిన్న దుకాణాలకు మీ సాఫ్ట్‌వేర్ పెట్టిస్తున్నాను. ఈ ఏడాది మీరు అఫిలియేట్ పథకం (ఆన్‌లైన్‌లో లింకు పెట్టి అమ్మించినవాళ్ళకు కమిషన్ ఇచ్చే పద్ధతి) తెచ్చాక, మేం డెమో చూపించి, అనుమానాలు తీర్చి, బేరం కుదిర్చిన దుకాణాల అమ్మకాలు కూడా ఎవరెవరో పెట్టిన లింకుల ఖాతాలో పడుతున్నాయి. డీలర్ల కోసం మీరు పెట్టిన పార్ట్‌నర్ పోర్టల్‌లో ఫిర్యాదు టికెట్లు పెడితే "పాలసీ ప్రకారం సరిగానే ఉంది" అని మూసేస్తున్నారు. అందుకే ఈసారి ఆ పాలసీ గురించే రాస్తున్నాను.

ఒక అమ్మకం మొదటి నుంచి చివరి దాకా ఎలా నడిచిందో చెబుతాను. గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్‌లో ఒక కిరాణా వ్యాపారి ఉన్నారు. గుమాస్తా రాసే చిట్టాల మీదే ఇన్నాళ్ళూ వ్యాపారం నడిపారు, కంప్యూటర్ బిల్లు అంటే ఆయనకు నమ్మకం లేదు. ఆయన మొదటి ప్రశ్న బియ్యం గురించి. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా అయితే 5 శాతం పన్ను, అంతకు మించిన బస్తాకు పన్ను లేదు. మా మార్కెట్లో 26 కిలోల బస్తా అందుకే వచ్చింది. అంటే అదే రకం బియ్యాన్ని మీ సాఫ్ట్‌వేర్‌లో రెండు వేర్వేరు ఐటెమ్‌లుగా పెట్టాలి. బస్తా విప్పి లూజుగా అమ్మేది మళ్ళీ వేరే. ఆయన పాత బిల్లులే ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ కొట్టి చూపిస్తే గానీ ఆయనకు నమ్మకం కుదరలేదు. తర్వాత వాళ్ళ ఆడిటర్ గారు చూస్తానన్నారు. ఆయన దగ్గర కూర్చుని జీఎస్టీ రిటర్న్‌కు వెళ్ళే ఫైలు ఎలా తయారవుతుందో చూపించాం. ఆడిటర్ గారు సరే అన్నాక షావుకారు గారు "రేపొచ్చి చెక్కు తీసుకెళ్ళండి" అన్నారు.

ఆ రాత్రి ఆయన కొడుకు ఫోన్‌లో మీ సాఫ్ట్‌వేర్ పేరు వెతికాడు. ఒక యూట్యూబ్ వీడియో వచ్చింది. దాని కింద లింకు, కూపన్ కోడ్, పది శాతం తగ్గింపు. అక్కడికక్కడే కట్టేశాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టను, తక్కువకు దొరుకుతుంటే ఎవరైనా అదే చేస్తారు. తెల్లారి ఫోన్ మాత్రం నాకే చేశాడు: "అన్నా, ఆన్‌లైన్‌లో కొనేశాం, మీరొచ్చి ఎక్కించండి." వెళ్ళి ఎక్కించాను. ఈ రోజుకీ ఆ దుకాణంలో ప్రింటర్ ఆగినా, స్టాకు తేడా వచ్చినా నాకే ఫోన్ వస్తుంది. మీ పోర్టల్‌లో నేను ముందే నమోదు చేసిన లీడ్ (కొనబోయే కస్టమర్ వివరం) దగ్గర "వేరే ఛానెల్ ద్వారా పూర్తయింది" అని ఉంది. కమిషన్ గడిలో సున్నా ఉంది.

లింకు నొక్కితే బ్రౌజర్‌లో ఒక గుర్తు పడుతుందని, అది 60 రోజులు ఉంటుందని, ఆ లోపు కొంటే చివరి క్లిక్ ఎవరిదో వాళ్ళకే అమ్మకం రాస్తామని మీ నిబంధనల్లో ఉంది. ఆన్‌లైన్‌లో చూసి ఆన్‌లైన్‌లోనే కొనుక్కునేవాళ్ళకు ఆ లెక్క సరిపోతుంది. కానీ దుకాణంలో కూర్చుని చేసిన పనికి బ్రౌజర్‌లో ఏ గుర్తూ పడదు. మా పని మీకు తెలిసే దారి ఒక్కటే, పోర్టల్‌లో లీడ్ నమోదు. దాన్ని మీరే తప్పనిసరి చేశారు. ఆ నమోదుకు చివరి క్లిక్ ముందు ఏ విలువా లేనప్పుడు మమ్మల్ని లీడ్‌లు ఎందుకు ఎక్కించమంటున్నారు?

ధర సంగతి ఇంకా బాధగా ఉంది. మీ జాబితా ధర కంటే తక్కువకు ప్రకటించకూడదని మా డీలర్ ఒప్పందంలో ఉంది. దానికి కట్టుబడే ఉన్నాను. అఫిలియేట్లకు మాత్రం కూపన్ కోడ్‌లు మీరే ఇస్తున్నారు. ఇప్పుడు బీసెంట్ రోడ్డులో ఏ దుకాణానికి వెళ్ళినా, డెమో అంతా చూసి "నెట్‌లో ఇంకా తక్కువట కదండీ" అంటున్నారు. నేను ఎక్కువ చెప్పి మోసం చేస్తున్నానని వాళ్ళ అనుమానం. ఇదే ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాట పడటం నాకు చాలా కష్టంగా ఉంది.

లింకుల వల్ల నష్టపోయేది డీలర్లే అనుకోకండి. గుంటూరు కొత్తపేటలో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ ఒక వీడియో చూసి మీ చిన్న ఎడిషన్ కొన్నారు. అందులో బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ పెట్టే వీలు లేదు. ఒకే కంప్యూటర్‌లో పనిచేస్తుంది. ఆయనకు కౌంటర్‌లో ఒకటి, గోడౌన్‌లో ఒకటి కావాలి. మందుల వ్యాపారంలో బ్యాచ్ లేకుండా బిల్లు వేయలేరు, ఎక్స్‌పైరీ సరుకు కంపెనీకి వాపసు పంపలేరు. "ఏ వ్యాపారానికైనా ఇదొక్కటి చాలు" అని ఆ వీడియోలో చెప్పారు. డబ్బు వాపసు ఇవ్వడం కుదరదని మీ కాల్ సెంటర్ వాళ్ళు చెబితే, మీ జాబితాలో దగ్గరి డీలర్‌గా నా నంబరు చూసి ఆయన నాకు ఫోన్ చేశారు. నేను అమ్మని సరుకుకు నేను మాటలు పడ్డాను.

కమిషన్ తీసుకుని ఒక వస్తువు గురించి చెప్పేవాళ్ళు ఆ సంగతి చూసేవాళ్ళకు స్పష్టంగా తెలపాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. కొత్తపేట వ్యాపారి చూసిన వీడియోలో ఆ ముక్క ఎక్కడా లేదు. ఎవరో నిపుణుడు నిష్పక్షపాతంగా చెబుతున్నాడనుకున్నారు ఆయన. ఆ వీడియో మీ లింకుతో, మీ కూపన్‌తో నడుస్తోంది. దానికి బాధ్యత మీకూ ఉంది.

ఇక ఈ సెప్టెంబరు సంగతి. జీఎస్టీలో చాలా సరుకులకు 12, 28 శాతం శ్లాబులు తీసేసి కొత్త రేట్లు అమలైంది సెప్టెంబరు 22న. అదే రోజు ఇంద్రకీలాద్రి మీద నవరాత్రులు మొదలయ్యాయి. వన్ టౌన్‌లో ఆ రోజుల్లో జనం ఎలా ఉంటారో, వాహనాలు ఎక్కడెక్కడ ఆపేస్తారో ఇక్కడివాళ్ళకు తెలుసు. వస్త్రలత బట్టల మార్కెట్లో దసరా అమ్మకాల హడావుడి. రెడీమేడ్ దుస్తుల్లో అంతకుముందు వెయ్యి రూపాయల దాకా 5 శాతం, ఆపైన 12 శాతం ఉండేది. ఇప్పుడు 2,500 దాకా 5 శాతం, అది దాటితే 18. ఆటోనగర్‌లో 28 శాతం మీద ఉన్న స్పేర్ పార్టులు 18కి దిగాయి. సబ్బులు, షాంపూలు 18 నుంచి 5కి వచ్చాయి. మీ అప్‌డేట్ వచ్చింది నిజమే. కానీ ప్రతి దుకాణంలో ఐటెమ్‌లు సవాలక్ష రకాలుగా ఎక్కించుకుని ఉంటారు. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే నంబరు) లేనివి, తప్పు గ్రూపులో ఉన్నవి ఒక్కొక్కటీ చూసి మార్చాలి. ముందు రోజు రాత్రి దుకాణం కట్టేశాక మొదలుపెట్టి తెల్లవారేసరికి పూర్తి చేయాలి. మా కుర్రాళ్ళు ఆ పని చేశారు. లింకు మీద కొన్న దుకాణాలకూ చేశారు, ఎందుకంటే వాళ్ళు ఇంకెవరికి ఫోన్ చేస్తారు? ఆ రోజు ఒక్క అఫిలియేట్ అయినా ఒక్క దుకాణం మెట్లెక్కాడా?

రెన్యువల్ విషయంలో మీరు చేస్తున్నది ఇంకా అన్యాయం. కొత్త అమ్మకంలో మాకు మిగిలేది కొద్దిగానే. ఏడాదంతా తిరిగే తిరుగుడికి, కుర్రాళ్ళ జీతాలకు ఆధారం రెన్యువల్ మీద వచ్చే మార్జినే. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల వ్యాపారి మొదటి నుంచీ మా కస్టమర్. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్ళకు ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తప్పనిసరి అయినప్పుడు ఆయనకు అంతా సెట్ చేసి, గుమాస్తాలకు నేర్పింది మేమే. ఈసారి గడువు దగ్గర పడగానే మీ టెలికాలర్ నేరుగా ఆయనకు ఫోన్ చేసి, రెండేళ్ళకు కలిపి కడితే తగ్గింపు అని లింకు పంపారు. ఆయన కట్టేశారు. మాకు పైసా రాలేదు. ఆయన ఫోన్ నంబరు మీకు ఎలా తెలిసింది? సర్వీసు కోసమని మీ పోర్టల్‌లో మేం ఎక్కించిన నంబరే అది. నారు పోసి నీరు పెట్టినవాణ్ణి గట్టు మీద నిలబెట్టి పంట కోసుకుపోయినట్టుంది ఇది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం నీళ్ళలో ఉన్నప్పుడు కూడా దుకాణాలవాళ్ళు తలచుకున్నది మమ్మల్నే. కంప్యూటర్లు బురదలో మునిగాయి. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఆ పద్దుల్లోనే ఉంది. కస్టమర్ల అనుమతితో మా దగ్గర పెట్టుకున్న బ్యాకప్‌ల నుంచి పద్దులు తిరిగి తెచ్చాం. పాత కంప్యూటర్‌లో లైసెన్స్ సరెండర్ చేస్తేనే కొత్తదాంట్లో తెరుచుకుంటుందని మీ సిస్టమ్ పట్టుబట్టింది. మునిగిపోయిన కంప్యూటర్‌ను ఎలా ఆన్ చేస్తాం? మీ సపోర్టు వాళ్ళకు ఒక్కో దుకాణం తరఫున రాసి, ఫొటోలు పంపి తెరిపించాం. ఆ దుకాణాల్లో కొన్నింటి రెన్యువల్స్ ఈ ఏడాది నేరుగా మీకే వెళ్ళాయి.

అకౌంట్స్ విభాగం వారికి ఒక మాట. ముందు నాకు జమ చేసి, తర్వాత "అఫిలియేట్ అమ్మకం" అని వెనక్కి తీసుకున్న కమిషన్ల విషయంలో, ఆ మొత్తానికి నేను ఇన్వాయిస్ ఇచ్చి 18 శాతం జీఎస్టీ కట్టేశాను. నన్ను క్రెడిట్ నోట్ (ఇన్వాయిస్ మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) అడగకుండానే లెడ్జర్‌లో మైనస్ వేశారు. ఆ కమిషన్ మీద మీరు ముందే కోసిన పన్ను (టీడీఎస్) నా 26ఏఎస్‌లో, అంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గరున్న నా పన్ను పట్టికలో, అలాగే ఉంది, అంటే నాకు రాని డబ్బు నా ఆదాయంగా కనిపిస్తోంది. పద్దుల సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ తన డీలర్ పద్దును ఇలా ఉంచడం తగదు.

అఫిలియేట్లను తీసేయమని నేను అడగడం లేదు. మేం వెళ్ళలేని ఊళ్ళ నుంచి వాళ్ళు కస్టమర్లను తెస్తారు, దానికి కమిషన్ తీసుకోవడం న్యాయమే. మేం అడిగేది, పని చేసినవాడి పని లెక్కలోకి రావాలని. దానికి దారి మీ చేతిలోనే ఉంది. జీఎస్టీ ఉన్న ప్రతి వ్యాపారికీ 15 అక్షరాల నంబరు ఉంటుంది, మన రాష్ట్రానిది 37తో మొదలవుతుంది. డెమో రోజునే ఆ నంబరుతో మేం లీడ్ నమోదు చేస్తాం. కొనేటప్పుడు కస్టమర్ ఎలాగూ అదే నంబరు ఇస్తాడు. రెండూ కలిస్తే, 90 రోజుల్లోపు ఏ లింకు మీద కొన్నా అమ్మకం డీలర్‌దిగా రాయండి. అఫిలియేట్‌కు ఏమైనా ఇవ్వదలిస్తే మీ వాటాలోంచి ఇవ్వండి. జీఎస్టీ లేని చిన్న దుకాణానికి ఫోన్ నంబరు చాలు.

రెన్యువల్ ఎవరు కట్టించినా, ఆ ఏడాది సర్వీసు చేసిన డీలర్‌కు మార్జిన్ రావాలి. లింకు మీద కొన్నవాళ్ళకు మా చేత సర్వీసు చేయించదలిస్తే దానికి రేటు కట్టండి. కూపన్ ధరకే అమ్మే వీలు మాకూ ఇవ్వండి, లేదా కూపన్లు ఆపండి. కొత్తపేట వ్యాపారికి ఆయన కట్టిన డబ్బును పెద్ద ఎడిషన్‌లో సర్దుబాటు చేయండి. అది నా కమిషన్ కంటే ముందు చేయవలసిన పని.

డిసెంబరు 15లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. టికెట్‌లో ఒక్క వాక్యం కాకుండా, జతచేసిన పట్టికలోని ప్రతి దుకాణానికీ విడివిడిగా నిర్ణయం చెప్పండి. అప్పటిదాకా నేను కొత్త డెమోలు ఇవ్వను, కొత్త లీడ్‌లు గానీ కస్టమర్ల నంబర్లు గానీ మీ పోర్టల్‌లో ఎక్కించను. ఇప్పటికే మీ సాఫ్ట్‌వేర్ వాడుతున్న దుకాణాలకు మాత్రం సర్వీసు ఒక్క రోజు కూడా ఆపను. వచ్చే నెల 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ రిటర్న్‌లు వేయాల్సినవాళ్ళకు మన గొడవతో సంబంధం లేదు.

జతచేసినవి: లీడ్ నమోదుల తేదీలు, వెనక్కి తీసుకున్న కమిషన్ల పట్టిక, ఇన్వాయిస్‌ల నకళ్ళు, 26ఏఎస్ నకలు, కొత్తపేట వ్యాపారి రాసిచ్చిన ఉత్తరం.

ఇట్లు,
మీ అధీకృత డీలర్,
వన్ టౌన్, విజయవాడ